పాత ట్యాబ్‌కు కొత్త వెర్షన్: డబ్బు కట్టాలా?

ప్రశ్న: నేను తెనాలిలో ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెబుతాను. 2019లో పద్నాలుగు వేలు పెట్టి ఒక ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నాం. స్క్రీన్ బాగానే ఉంది, ఛార్జింగ్ పెడితే నాలుగైదు గంటలు వస్తోంది. కానీ ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయింది. కొన్ని యాప్‌లు మీ డివైజ్‌లో పనిచేయవు అంటున్నాయి. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఈ మోడల్‌కు ఇక అప్‌డేట్‌లు రావు, కొత్తది తీసుకోండి అన్నారు. బజార్లో సెల్ షాపు అబ్బాయి పద్దెనిమిది వందలిస్తే కొత్త ఆండ్రాయిడ్ వేసిస్తానంటున్నాడు. వేయించమంటారా? ఇంకో మాట. కంపెనీయే ఓ వెయ్యి తీసుకుని కొత్త వెర్షన్ ఇస్తే నేను సంతోషంగా కట్టేదాన్ని. మళ్లీ పదిహేను వేలు పెట్టేకంటే అది నయం కదా? మావారు మాత్రం ఒకసారి కట్టడం మొదలుపెడితే ఏటా కట్టమంటారు, అసలు మనమెందుకు కట్టాలి అంటారు. ఎవరి మాట సరైనది? మా అత్తగారు ప్రవచనాలు వినేది ఈ ట్యాబ్‌లోనే. మా బ్యాంకు యాప్ కూడా దీంట్లోనే ఉంది.

సమాధానం: అమ్మా, ముందు షాపు సంగతి తేల్చేద్దాం. ఆ పద్దెనిమిది వందలు ఇవ్వకండి. ఆ అబ్బాయి మోసం చేస్తాడని కాదు, అతను చెప్పేది జరిగే పనే. కానీ అతను వేసేది మీ కంపెనీ తయారుచేసిన ఆండ్రాయిడ్ కాదు. బయటివాళ్లు మార్చి తయారుచేసిన ఆండ్రాయిడ్, దాన్నే కస్టమ్ రోమ్ అంటారు. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌ను, అంటే అసలు ప్రోగ్రామ్ రాతను, గూగుల్ అందరికీ అందుబాటులో ఉంచుతుంది. దాన్ని తీసుకుని పాత మోడళ్లకు సరిపోయేలా మలిచే స్వచ్ఛంద బృందాలు ఉన్నాయి. లినేజ్‌ఓఎస్ అనేది వాటిలో బాగా పేరున్నది. వాళ్లు పైసా తీసుకోరు. మీ మోడల్ వాళ్ల సైట్‌లోని జాబితాలో ఉంటే, పని తెలిసినవాళ్లు ఇంట్లోనే వేసుకోవచ్చు. జాబితాలో లేకపోతే షాపువాళ్లు ఎక్కడినుంచో దించుకున్న ఫైలు వేస్తారు. అందులో ఎవరు ఏం కలిపారో వేసేవాళ్లకీ తెలియదు.

పైగా అది వేయాలంటే ముందు బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి, అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ తప్ప వేరేది ఎక్కకుండా వేసిన తాళం తీయాలి. ఆ పని చేయగానే ట్యాబ్‌లో ఉన్నదంతా పోతుంది, మీ పిల్లల నోట్సులు, ఫొటోలతో సహా. ఆ తర్వాత చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ట్యాబ్‌లో కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేరే ఉందా లేదా అని అవి గూగుల్ ద్వారా సరిచూసుకుంటాయి. కెమెరా పనిచేస్తే బ్లూటూత్ పనిచేయకపోవచ్చు. సరదా ఉన్న కుర్రాళ్లు రెండో ట్యాబ్ మీద చేసుకోవాల్సిన ప్రయోగం అది. ట్యూషన్ నడిచే ట్యాబ్ మీద కాదు.

ఇక మీరూ మీవారూ వాదించుకున్న విషయం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పడం లేదు.

అప్‌డేట్ అని మనం అనే దాంట్లో రెండు పనులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపాలను పూడ్చడం. రెండోది, కొత్త సదుపాయాలు చేర్చడం. ఇల్లు కట్టిన మేస్త్రీ గోడలో వచ్చిన పగులు పూడ్చడం వేరు, మేడ మీద ఇంకో గది వేయడం వేరు. గదికి డబ్బు అడిగితే తప్పులేదు. పగులుకు అడిగితే ఊరుకోం. ట్యాబ్‌ల విషయంలో కంపెనీలు ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి చూపిస్తాయి, అందుకే మనకు గందరగోళం. మీరు వెయ్యి కడతానన్నది రెండోదానికి. మీవారు కట్టనన్నది మొదటిదానికి. నా అభిప్రాయం కూడా అక్కడే ఉంది: లోపం పూడ్చడానికి కొన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు, కొత్త వెర్షన్‌కు కొన్ని షరతుల మీద తీసుకోవచ్చు.

ఇలా డబ్బు తీసుకున్న సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ట్యాబ్‌కు ముందుతరం లాంటిది ఆపిల్ ఐపాడ్ టచ్. ఐఫోన్ లాగే ఉండేది, కాల్స్ మాత్రం ఉండేవి కావు. 2008 జనవరిలో దానికి మెయిల్, మ్యాప్స్ లాంటి అయిదు యాప్‌లు చేర్చి, అప్పటికే కొన్నవాళ్ల దగ్గర 20 డాలర్లు తీసుకున్నారు. అదే ఏడాది జులైలో కొత్త వెర్షన్‌కు 9.95 డాలర్లు, 2009 జూన్‌లో ఆ తర్వాతి వెర్షన్‌కు మళ్లీ 9.95 డాలర్లు. అవే వెర్షన్లు ఐఫోన్ ఉన్నవాళ్లకు ఉచితం. ఒకే కంపెనీ, దాదాపు ఒకే సాఫ్ట్‌వేర్, ఒకరికి ఉచితం, ఇంకొకరికి ఖర్చు.

ఎందుకలా? తయారీ ఖర్చులో తేడా వల్ల కాదు, లెక్కలు రాసే పద్ధతి వల్ల. ఐఫోన్ అమ్మిన డబ్బును ఆపిల్ తన పుస్తకాల్లో రెండేళ్ల మీద పంచి చూపేది. ఐపాడ్ టచ్ డబ్బును మాత్రం అమ్మిన రోజే మొత్తం ఆదాయంగా రాసేసేది. అమ్మకం పూర్తయిందని రాసుకున్నాక కొత్త సదుపాయాలు ఊరికే ఇస్తే అమెరికా అకౌంటింగ్ నిబంధనలతో చిక్కు వస్తుందని కంపెనీ చెప్పింది. 2009లో ఆ నిబంధనలు మారాయి. 2010 జూన్‌లో వచ్చిన ఐఓఎస్ 4 (ఆపిల్ ఫోన్లు, ట్యాబ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ పేరు ఐఓఎస్) ఐపాడ్ టచ్‌కు కూడా ఉచితంగానే వచ్చింది. కాబట్టి ఫలానా అప్‌డేట్‌కు ఇంత ఖర్చవుతుంది, అందుకే తీసుకుంటున్నాం అని ఏ కంపెనీ అయినా చెబితే వెంటనే నమ్మేయకండి. ధర వెనక కారణం చాలాసార్లు ఇంకేదో ఉంటుంది.

మొదటి ఐప్యాడ్ కథ మీ పరిస్థితికి ఇంకా దగ్గర. 2010 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చింది. దాని లైసెన్స్ షరతుల్లో, కొన్నప్పుడున్న వెర్షన్ తర్వాత వచ్చే ఒక పెద్ద వెర్షన్ వరకే ఉచితం అని రాశారు. ఆపైన వచ్చేవాటికి డబ్బు తీసుకునే దారి కంపెనీ తెరిచి పెట్టుకుందన్నమాట. ఆ హక్కును ఎప్పుడూ వాడుకోలేదు. 2011లో వచ్చిన ఐఓఎస్ 5 కూడా ఉచితంగానే ఇచ్చారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2012 సెప్టెంబరులో ఐఓఎస్ 6 వచ్చేసరికి మొదటి ఐప్యాడ్‌ను జాబితాలోంచి తీసేశారు. మన దేశంలో ఆ ఐప్యాడ్ అధికారికంగా అమ్మకానికి వచ్చిందే 2011 జనవరిలో. ఇక్కడ కొన్నవాళ్లకు రెండేళ్లు కూడా నిండలేదు. ఎంత డబ్బిస్తామన్నా కొత్త వెర్షన్ లేదు.

మీరు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. కంపెనీయే వెయ్యి తీసుకుని ఇస్తే బాగుండును అన్నారు. మనలాంటివాళ్ల అసలు బాధ డబ్బు అడుగుతున్నారని కాదు. అడగడం కూడా మానేసి, తలుపు మూసేసి, కొత్తది కొనుక్కోమంటున్నారని. ఈ మాటలో మీ పక్షమే నేను. పదిహేను వేల వస్తువును మూలన పడేయించే ఉచితం కంటే, దాన్ని ఇంకో మూడేళ్లు నడిపించే వెయ్యి రూపాయలు నయమే.

అయినా మీవారి భయం ఊరికే పుట్టింది కాదు. దానికి తాజా ఉదాహరణ విండోస్ 10. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న దానికి మామూలు సపోర్టు ఆపేసింది. దాని కింద కంప్యూటర్లే కాదు, ట్యాబ్‌లా వాడుకునే సర్ఫేస్ ప్రో 4 లాంటివి కూడా పడ్డాయి. వాటికి విండోస్ 11 రాదు. ఇంకో ఏడాది సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే లోపాలు పూడ్చే అప్‌డేట్‌లు, కావాలంటే 30 డాలర్లు కట్టాలన్నారు. కట్టనివాళ్లు తమ సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం అన్నారు, లేదా వాళ్ల రివార్డ్ పాయింట్లు వెయ్యి ఇవ్వాలన్నారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడ్డుపడ్డాయి. దాంతో ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని దేశాలవాళ్లకు, ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలు, ఆ బ్యాకప్ షరతు లేకుండా ఉచితంగా ఇస్తామని 2025 సెప్టెంబరులో మార్చారు.

ఒక్క నిమిషం దీని గురించి ఆలోచించండి. లోపం ఒకటే. దాన్ని పూడ్చే ఫైలూ ఒకటే. పారిస్‌లో ఉన్నవాళ్లకు ఉచితం, విజయవాడలో ఉన్నవాళ్లకు షరతులు. ఫైలు ఎలాగూ తయారవుతోంది, ఎందుకంటే పెద్ద కంపెనీలకు, ఆఫీసులకు వాళ్లు దాన్ని అమ్ముతున్నారు. కొన్నవాళ్లు గట్టిగా అడిగినచోట ధర సున్నా అయింది. మీవారు ఏటా కట్టమంటారని అన్నది అతిశయోక్తి కాదు. ఇదే సంస్థ విండోస్ 7 సపోర్టు 2020 జనవరిలో ముగిశాక, ఆఫీసులకు ఏటికేడు ధర రెట్టింపు చేస్తూ మూడేళ్లు ప్యాచ్‌లు అమ్మింది.

లోపాలు పూడ్చడానికి డబ్బు వద్దు అని నేను పట్టుబట్టడానికి దీనికంటే పెద్ద కారణం ఇంకోటుంది. ధర పెడితే కట్టేది ఎవరు? మీరు కడతారు, నేను కడతాను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల సంఖ్యలో ట్యాబ్‌లు పంచారు. మీ ట్యూషన్‌కు వచ్చే పిల్లల ఇళ్లలో కూడా ఒకటో రెండో ఉండి ఉంటాయి. కూలికి వెళ్లే ఆ తల్లిదండ్రులు ట్యాబ్‌కు సెక్యూరిటీ ప్యాచ్ అని వెయ్యి రూపాయలు కడతారా? కట్టరు, కట్టలేరు, కట్టాలని వాళ్లకు ఎవరూ చెప్పరు కూడా. అంటే లోపాలున్న ట్యాబ్‌లన్నీ సరిగ్గా ఆ ఇళ్లలోనే మిగులుతాయి. మోసగాళ్ల ఫోన్ కాల్స్‌కు, దొంగ లింకులకు ముందుగా దొరికేదీ ఆ ఇళ్లే. రక్షణకు ధర పెట్టడమంటే లేనివాళ్లను ముందే వదిలేయడం. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడలేను.

మరి కంపెనీలకు ఖర్చు లేదా అంటే ఉంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఆ ఖర్చు ఎక్కడ పడుతుందో తెలిస్తే, మీ ట్యాబ్ 11 దగ్గర ఎందుకు ఆగిందో అర్థమవుతుంది. గూగుల్ కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. అది మీ ట్యాబ్‌లోని ప్రాసెసర్ మీద నడవాలంటే క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి చిప్ తయారీదారులు దానికి తగ్గ డ్రైవర్లు, అంటే చిప్‌ను ఆండ్రాయిడ్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములు, ఇవ్వాలి. ఆ తర్వాత ట్యాబ్ కంపెనీ తన స్క్రీన్‌కు, కెమెరాకు సరిపోయేలా మార్చి పరీక్షించాలి. చిప్ కంపెనీ ఆ పాత చిప్‌ను వదిలేసిందంటే ట్యాబ్ కంపెనీ ఒక్కటే చేయగలిగింది తక్కువ. ఈ తలనొప్పి తగ్గించడానికే 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ ప్రాజెక్ట్ ట్రెబుల్ అనే మార్పు తెచ్చింది, చిప్‌కు సంబంధించిన భాగాన్ని మిగతా సాఫ్ట్‌వేర్ నుంచి విడదీసింది. కొంత మేలు జరిగింది, మొత్తం కాదు.

డబ్బు సంగతి కూడా చూడాలి. యాప్ స్టోర్‌లో జరిగే అమ్మకాల మీద ఆపిల్ 15 నుంచి 30 శాతం కమిషన్ తీసుకుంటుంది. కాబట్టి ఎవరి ఇంట్లోనో పాత ఐప్యాడ్ ఇంకా నడుస్తోందంటే ఆపిల్‌కు ఇంకా ఆదాయం వస్తూనే ఉంటుంది. 2013లో వచ్చిన మొదటి ఐప్యాడ్ ఎయిర్‌కు పెద్ద వెర్షన్లు ఐఓఎస్ 12తో ఆగాయి. అయినా ఒక ప్రమాదకరమైన లోపం పూడ్చడానికి 2023 జనవరిలో కూడా చిన్న అప్‌డేట్ ఒకటి ఇచ్చారు, ఉచితంగా. తొమ్మిదేళ్లు దాటిన వస్తువుకు! చేయదలుచుకుంటే చేయవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. అదే ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ కమిషన్ ప్రధానంగా గూగుల్‌కు పోతుంది. ట్యాబ్ తయారుచేసినవాళ్లకు మీరు కట్టిన పద్నాలుగు వేలలోంచి వచ్చిన లాభమే ఆధారం. మీ పాత ట్యాబ్‌ను బతికించడం వల్ల వాళ్లకు దక్కేది దాదాపు ఏమీ లేదు, మీరు కొత్తది కొంటేనే దక్కుతుంది. సర్వీస్ సెంటర్‌లో అంత తేలిగ్గా కొత్తది తీసుకోండి అన్నది అందుకే. ఈ కోణంలోంచి చూస్తే, పాత ట్యాబ్‌కు కొత్త వెర్షన్ తయారుచేసినందుకు న్యాయమైన ధర తీసుకునే దారి కంపెనీకి ఉంటే, ఆ పని చేయాలన్న కోరిక కూడా పుడుతుంది. మీరన్న వెయ్యి రూపాయల ఆలోచనలో బలం ఇక్కడుంది.

నా షరతులు చెబుతాను. కొన్న రోజున మాటిచ్చిన కాలమంతా వెర్షన్లు, ప్యాచ్‌లు రెండూ ఉచితంగా రావాలి. ఆ కాలం దాటాక కొత్త వెర్షన్‌కు ధర పెట్టొచ్చు, కానీ ఆ ధర ఎంతో, ఎన్నేళ్లు వస్తుందో కట్టకముందే చెప్పాలి. కట్టిన తర్వాత ట్యాబ్ నెమ్మదిస్తే పాతదానికి తిరిగి వెళ్లే దారి ఉండాలి. కట్టనివాళ్లకు వెర్షన్ ఆగవచ్చు గానీ, ప్రమాదకరమైన లోపాలను పూడ్చడం మాత్రం ఆగకూడదు. వీటికి ఒప్పుకునే కంపెనీ కనిపిస్తే మీరు నిశ్చింతగా వెయ్యి కట్టండి. మీవారికి నేను చెబుతాను.

ట్యాబ్ నెమ్మదిస్తుందన్న మాట ఊరికే అనలేదు. 2018లో ఇటలీలో మార్కెట్ పోటీని పర్యవేక్షించే సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు యాభై లక్షల యూరోలు జరిమానా వేసింది. పాత ఫోన్లు మోయలేని కొత్త సాఫ్ట్‌వేర్‌ను సరైన సమాచారం ఇవ్వకుండా వేయించుకునేలా చేశారని, వెనక్కి వెళ్లే దారి చూపలేదని అభియోగం. అవి ఫోన్లే అయినా సంగతి ట్యాబ్‌కూ అదే. మీ ట్యాబ్‌లో ర్యామ్ రెండు జీబీలో, మూడు జీబీలో ఉండి ఉంటుంది. దానిమీద ఇవాళ్టి ఆండ్రాయిడ్ వేస్తే అత్తగారి ప్రవచనం మధ్యలో నాలుగుసార్లు ఆగుతుంది. కొత్త వెర్షన్ రాకపోవడం ప్రతిసారీ నష్టం కాదు. ప్యాచ్ రాకపోవడం నష్టం.

చట్టం ఏమంటోంది అని కూడా అడుగుతారు కదా. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు, ట్యాబ్‌లకు కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక మోడల్‌ను మార్కెట్‌లోకి పంపడం ఆపిన రోజు నుంచి కనీసం అయిదేళ్లపాటు, ఇచ్చే అప్‌డేట్‌లను ఆ మోడల్ ఉన్న అందరికీ ఉచితంగా ఇవ్వాలి. మనం కొన్న రోజు నుంచి కాదు, కంపెనీ అమ్మడం ఆపిన రోజు నుంచి లెక్క. ఈ తేడా చాలా పెద్దది. అసలు అప్‌డేట్‌లు తయారుచేసి తీరాలి అని గట్టిగా చెప్పకపోవడం అందులో ఒక లోటు. అయినా డబ్బు తీసుకోకూడదన్నది మాత్రం స్పష్టంగా ఉంది.

మన దగ్గర అలాంటి నిబంధన ఇంకా లేదు. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. విడిభాగాలు, రిపేరు సమాచారం దాని ప్రధాన ఉద్దేశం. ఫోన్లకు రిపేరబిలిటీ సూచిక, అంటే రిపేరు ఎంత తేలికో చెప్పే మార్కు, పెట్టాలని ఒక కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అది అమల్లోకి వచ్చి, అప్‌డేట్ కాలాన్ని కూడా పెట్టె మీద ముద్రించే రోజు రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. వస్తువు మీద ఎక్స్‌పైరీ తేదీ చూసి బిస్కెట్ ప్యాకెట్ కొనే మనకు, పదిహేను వేల వస్తువుకు ఆ తేదీ తెలియకపోవడం అన్యాయం.

మీ పాత ట్యాబ్ మీద ఇప్పుడు ఫిర్యాదు చేస్తే నిలబడుతుందా అంటే, కష్టమే. 2019లో ఇన్నేళ్లు అప్‌డేట్‌లు ఇస్తామని కంపెనీ రాసిచ్చిన కాగితం మీ దగ్గర లేదు. రాతపూర్వకంగా గానీ, ప్రకటనలో గానీ మాటిచ్చి తప్పితే మాత్రం సంగతి వేరు. అప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇప్పుడు ఆ ట్యాబ్‌ను ఏం చేయాలి? పారేయకండి. ఆండ్రాయిడ్ 11 అంటే ఇంకా పూర్తిగా చేతులెత్తేసే పరిస్థితి కాదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ట్యాబ్లెట్ అన్నచోట సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటుంది, చూడండి. మీకు చివరిసారి ప్యాచ్ ఎప్పుడొచ్చిందో అది చెబుతుంది. ఆ తేదీ ఎంత పాతదైతే అంత జాగ్రత్త కావాలి. కంపెనీ ఆపేసినా, ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు నేరుగా గూగుల్ ప్లే ద్వారా మారుతూ ఉంటాయి. క్రోమ్ బ్రౌజర్ 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది గానీ మీ వెర్షన్‌ను అప్పుడు వదల్లేదు. ప్లే స్టోర్ తెరిచి క్రోమ్, యూట్యూబ్, వెబ్‌వ్యూ అప్‌డేట్ అయ్యేలా చూసుకోండి. వెబ్‌వ్యూ అనేది కనిపించని యాప్, కానీ చాలా యాప్‌లు పేజీలు తెరిచేది దానితోనే. ఫొటోలు, నోట్సులు వేరేచోటికి కాపీ చేసుకున్నాక ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అవసరమైనవి నాలుగైదే మళ్లీ వేసుకోండి. మీరు ఆశించినదానికంటే చురుగ్గా నడుస్తుంది.

పిల్లలకు పాఠాలు చూపించడానికి, పీడీఎఫ్‌లు చదివించడానికి, అత్తగారి ప్రవచనాలకు అది ఇంకా చాలాకాలం పనికొస్తుంది. దానికోసం కొత్త గూగుల్ ఖాతా ఒకటి తెరిచి అదే పెట్టండి, మీ బ్యాంకుకు, ఆధార్‌కు ముడిపడ్డ మెయిల్ అందులో ఉండకూడదు. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను (ప్లే స్టోర్ బయటినుంచి యాప్ వేసే ఫైళ్లు అవి) ఎవరు పంపినా ఇన్‌స్టాల్ చేయొద్దని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు చెప్పండి. పెళ్లి కార్డు అనీ, బ్యాంకు కేవైసీ అనీ, రకరకాల పేర్లతో వస్తుంటాయి. ట్యాబ్ వెనకవైపు ఎప్పుడైనా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే వాడకం ఆపండి, బ్యాటరీ పాడైనట్టు. అలాంటిదాన్ని చెత్తబుట్టలో వేయకుండా కంపెనీ ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

కొత్తది ఎప్పుడైనా కొనాల్సి వస్తే, షాపులో ర్యామ్ ఎంత, కెమెరా ఎంత అని అడగడానికి ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ మోడల్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏ సంవత్సరం, ఏ నెల దాకా వస్తాయి? అమ్మేవాళ్లకు తెలియకపోతే కంపెనీ సైట్‌లో వెతికించండి. దొరికిన పేజీని ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. పిక్సెల్ 8తో 2023లో గూగుల్, ఎస్24తో 2024లో శాంసంగ్ ఏడేళ్ల మాటిచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు, ఆ మాట అన్ని ట్యాబ్‌లకూ వర్తించదు, మోడల్ మోడల్‌కూ చూసుకోవాలి. ఆ లెక్క విడుదలైన తేదీ నుంచి మొదలవుతుంది. మూడేళ్ల కిందటి మోడల్‌ను పండగ ఆఫర్లో చౌకగా కొంటే మిగిలేది తక్కువ. పద్నాలుగు వేలకు రెండేళ్లు మిగిలిన ట్యాబ్ కంటే, ఇరవై వేలకు ఆరేళ్లు మిగిలినది చౌక.

బ్యాంకు యాప్ మాత్రం ఇవాళే తీసేయండి. ఐకాన్ నొక్కి డిలీట్ చేస్తే సరిపోదు. ముందు యాప్ లోపల ఈ డివైజ్‌ను డీరిజిస్టర్ చేసే, అంటే నమోదు రద్దు చేసే, ఆప్షన్ ఉందేమో చూసి, అది చేసి, లాగౌట్ అయ్యాక తీసేయండి. తర్వాత మీ ఫోన్‌లోంచి అదే ఖాతా తెరిచి, నమోదైన డివైజ్‌ల జాబితాలో పాత ట్యాబ్ పేరు పోయిందో లేదో చూసుకోండి. పోకపోతే పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి తీయించండి. సిమ్ కూడా ట్యాబ్‌లో ఉంటే తీసేయండి, ఓటీపీలు దానికి రాకూడదు.